ఏ లైన్‌లో ఆగింది? పోయిన లైన్ నంబర్ల వెనుక చరిత్ర

నడుస్తున్న ప్రోగ్రామ్ కుప్పకూలితే ముందు తెలియాల్సింది, ఏ లైన్‌లో అని. కంపైలర్ తాను పుట్టించిన ప్రతి యంత్రసూచనకూ మూలకోడ్‌లోని లైన్ నంబరు రాసిపెడితేనే దానికి జవాబు దొరుకుతుంది.

1980లలో బెల్ ల్యాబ్స్‌లో బ్యార్నె స్ట్రాస్ట్రప్ రాసిన సీఫ్రంట్, సీ ప్లస్ ప్లస్‌ను ముందు సీ భాషలోకి మార్చేది. తప్పు దొర్లితే ఆ మధ్య ఫైలును కాక ప్రోగ్రామర్ రాసిన ఫైలునే చూపాలని, లైన్ నంబర్లు చెప్పే ఆదేశాలను ఆ సీ ఫైలులో చొప్పించేది. యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 4తో పాటు ఎదిగిన, డీబగ్ సమాచారాన్ని దాచే డ్వార్ఫ్ ఫార్మాట్, 1993 నాటి రెండో వెర్షన్‌లో ఈ లైన్ల పట్టికను చిన్న బైట్‌కోడ్‌గా కుదించింది.

చిక్కంతా ఆప్టిమైజేషన్‌తోనే, అంటే ప్రోగ్రామ్ వేగం కోసం కంపైలర్ కోడ్‌ను మార్చడంతోనే. అలా మార్చిన కోడ్‌ను డీబగ్ చేయడంపై కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ హెనెసీ 1982లోనే పరిశోధనాపత్రం రాశారు. 12వ లైన్‌లో 'ఇఫ్' కింద, 18వ లైన్‌లో 'ఎల్స్' కింద ఒకే కూడిక ఉందనుకుందాం. కంపైలర్ రెంటినీ కలిపి ఒక్కటే సూచన చేస్తుంది. దానికి 12 అని రాస్తే, ఎల్స్ దారిన వెళ్లిన ప్రోగ్రామ్ ఇఫ్‌లోకి వెళ్లినట్టు డీబగ్గర్ చూపిస్తుంది. సమయం ఎక్కడ ఖర్చవుతోందో చూపే ప్రొఫైలర్ లెక్కలూ తప్పుతాయి. ఏ లైన్‌కూ చెందని సూచనకు సున్నా రాయవచ్చని డ్వార్ఫ్ అనుమతించింది. ఎల్ఎల్‌వీఎం అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ వ్యవస్థ ఇలాంటిచోట ఆ సున్నానే వాడుతుంది. తప్పు నంబరు కన్నా సున్నా నయం.

అయితే తెలిసి వదిలిన ఖాళీ ఏది, మరచిపోయినది ఏది? 2017 చివర్లో ఎల్ఎల్‌వీఎంలో చేరిన డీబగిఫై అనే పరీక్షా సాధనం, ప్రతి సూచనకూ వేర్వేరు లైన్ నంబరు తగిలించి, ఆప్టిమైజేషన్ తర్వాత ఏవి మాయమయ్యాయో జాబితా ఇస్తుంది. 2025లో ఇంకో అడుగు పడింది: నంబరును కావాలనే వదిలేస్తే ఆ కారణాన్ని కోడ్‌లోనే గుర్తు పెట్టే ఏర్పాటు వచ్చింది. గుర్తు లేని ఖాళీ ఇక లోపమే.

ఎల్ఎల్‌వీఎంపై పరిశోధన మన ఇలాకాలోనూ సాగుతోంది. 2016 దాకా సిద్దిపేటతో కలిసి మెదక్ జిల్లాలోనే ఉన్న కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం 2020లో ఐఆర్‌టువెక్‌ను ప్రచురించింది. అది ఎల్ఎల్‌వీఎం మధ్యరూపాన్ని, అంటే మూలకోడ్‌కూ యంత్రకోడ్‌కూ మధ్య కంపైలర్ వాడే రూపాన్ని, మెషీన్ లెర్నింగ్‌కు పనికొచ్చే సంఖ్యలుగా మారుస్తుంది. లైన్ నంబరు తగిలించేదీ ఆ మధ్యరూపంలోని సూచనకే. పోయిన నంబరును తిరిగి పెట్టడానికి చాలాసార్లు ఒకటి రెండు లైన్ల మార్పు, దాన్ని నిరూపించే ఒక టెస్టు చాలు. కోడ్ అందరికీ తెరిచే ఉంది కనుక, కంపైలర్ పని నేర్చుకోవాలనే సిద్దిపేట విద్యార్థికి ఇంతకన్నా అందుబాటులో ఉండే మొదటి పని అరుదు.