ఆగినచోట గీత

“రెండెత్తు, ఒకటొదులు. మళ్లీ రెండెత్తు.”

2020 ఫిబ్రవరిలో వెంకటగిరిలో ఆ ఇంటి గడప దాటగానే నాకు వినపడింది ఈ లెక్కే. గుంట మగ్గంలో భార్యాభర్తలిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె చూపుడువేలితో పడుగు పోగులెత్తి, అగ్గిపుల్లంత కండెను వాటి కిందుగా దూర్చి అవతల అందుకుంటోంది. హంస ముక్కుకొక కండె, కంటికొకటి, రెక్కకు మూడు. ఇద్దరి వరసా అయ్యాక ఆయన నాడె తోసి పలక లాగాడు. టక్. హంస ఒక్క పోగు పెరిగింది.

జాకార్డు మీద నేసిన బుటాను తిరగేస్తే వెనక పోగులు వేలాడతాయి, లేదంటే కత్తిరించిన మొనలు గీరుకుంటాయి. ఇలా చేత్తో కండెలు దూర్చి నేసే జాందానీకి వెనకా ముందూ ఒకటే. ఢాకా జాందానీని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ వెలుగోటి రాజుల ఆదరణలో పేరు పడ్డ సన్న నూలు మీద అదే పని సాగుతోంది. నూరో నంబరు నూలంటే పౌను బరువులో 84,000 గజాల పోగు. అందుకే మగ్గానికి నేలలో గుంట. మట్టి చెమ్మకు పోగు తెగకుండా ఉంటుంది.

మా చెల్లెలి కూతురి పెళ్లి మే నెలలో. మా ఊరు బుచ్చి పక్కనే పాటూరు పెట్టుకుని వెంకటగిరి దాకా ఎందుకని ఇంట్లో అందరూ అన్నారు. పాటూరు నేత మీద నాకేం చిన్నచూపు లేదు. పిల్ల పెళ్లిచీరకు హంసల కొంగే కావాలంది, అంతే.

మార్చి 25న లాక్‌డౌన్ పడేసరికి మా చీర కొంగు సగంలో ఉంది. అక్కణ్నించి జరిగింది ఆమె నోట విన్నదే. పేరు పేపర్లో వద్దంది.

మాస్టర్ వీవర్ ఫోను చేశాడు. “సూరత్ నుంచి జరీ రావడంలా. మగ్గం ఆపండి.”

“కొంగు సగంలో ఉండాది సామీ.”

“ఉండనీ.”

ఆయన నిమ్మతోటల్లో కూలికి కుదిరాడు. ఇంట్లో ఆమెకు ఎలుకలతో యుద్ధం. గంజి పెట్టిన పోగు రుచి మరిగితే పడుగంతా పోయినట్టే. మగ్గం మీద పాత దుప్పటి కప్పి, పక్కన కర్ర పెట్టుకుని, గుంట అంచునే పడుకునేది. బుచ్చిలో పెళ్లి యాభై మంది లోపు, ఇంటి ముందు పందిట్లో, షాపు చీరతో అయిపోయింది. మేం ఆ సంగతి చెప్పడానికి జంకుతుంటే ఆమే అడిగింది: “అయితే చీర వద్దా అక్కా?” కావాలన్నాం.

జులై 27న కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు. ఆ ఇంటికి ఈ కబురు తెలియదు. తెలిసినా ఎలుకలు ఆగుతాయా?

ఆగస్టులో జరీ వచ్చింది. ఆయన గుంటలో దిగి పోగు మీద వేలు పెట్టాడు. నిమ్మముళ్లు గీరుకున్న వేళ్లు. పోగు పట్టుకుంది, తెగింది. ఇంకోటి. మూడోది.

“నువ్వు నాడె చూసుకోయ్యా. రెండు పక్కలా నేను ఎత్తుతా.”

అప్పటినుంచి హంసలన్నీ ఆమెవే. రోజుకు నాలుగు వేళ్ల మందం నేస్తే గొప్ప. మజూరీ పుస్తకంలో పేరు మాత్రం ఆయనదే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పనిలో ఉన్నవాళ్లు 35 లక్షలకు పైనే, వాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లు. గణన లెక్కకెక్కినంత సులువుగా మజూరీ పుస్తకంలోకి ఎక్కలేరు మరి.

కొంగయ్యి చీర ఒళ్లు మొదలయ్యాక, నవంబరు 25 రాత్రి నివర్ తుపాను. తెల్లారేసరికి గుంటలో మోకాలి లోతు నీళ్లు. చీర తడవకుండా పైకెత్తి కట్టి, ఇద్దరూ బిందెలతో తోడారు. గుంట ఆరడానికే ఎన్నో రోజులు పట్టింది.

చీర 2021 సంక్రాంతికి ముందు బుచ్చి చేరింది. విప్పి చూస్తే కొంగులో, హంసల నడుమ, అడ్డంగా వెంట్రుకంత గీత. అయిదు నెలలు ఆగిన పడుగును ఎంత వదులు చేసినా సాగుతుంది. మళ్లీ మొదలెట్టిన చోట పేక మునుపటిలా కూర్చోదు. ఆ గీతకు మజూరీలో కొంత కోశారని తర్వాత తెలిసింది.

పిల్ల ఆ చీర సీమంతానికి కట్టుకుంది. ఫొటో పంపిస్తే వెంటనే ఫోను.

“గీత కనపడతా ఉండాదా అక్కా?”

ఏం చెప్పాలో తోచక ఫోను మా చెల్లెలికిచ్చాను. అది కూతురి కొంగు అందుకుని కిటికీ వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏ గీతమ్మా?” అంది.