కాంక్రీటును కాచిన అవిసె నూనె



సిమెంటు కాంక్రీటు రాయిలాంటిది, ఒకసారి పోస్తే ఇక తరతరాలు దాని జోలికి పోనక్కరలేదని మనలో చాలామంది నమ్మకం. కాని కాంక్రీటు కూడా నీళ్లు తాగుతుంది. పైకి నున్నగా కనిపించినా దాని నిండా కంటికి ఆనని సన్నని రంధ్రాలుంటాయి. కలిపేటప్పుడు సిమెంటుకు కావలసిన దానికంటె ఎక్కువగా పోసిన నీరు ఆరిపోతూ విడిచిన దారులే అవి. ఆ దారుల వెంటే వాననీరు లోపలికి దిగుతుంది. ఆ నీటిని పైనే ఆపడానికి మనుషులు ఎన్నో ఉపాయాలు పన్నారు. వాటిలో ఒకటి ప్రయోగశాలలో పుట్టినా, దాని మూలం మాత్రం పొలంలోనే ఉంది. అది అవిసె నూనె. మన దేశంలో రబీలో వేసే అవిసె పంటే సుమా!

ఈ కథ ముఖ్యంగా అమెరికా ఉత్తరాది రాష్ట్రాలలో జరిగింది. అక్కడ చలికాలంలో నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టినప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నిండా నీళ్లు పోసి బిరడా బిగించిన సీసా ఆ చలికి పగిలిపోవడం ఇందుకే. కాంక్రీటు రంధ్రాలలో నీరు నిండినా అంతే. రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ గడ్డకట్టి, చివరికి రోడ్డు పైభాగం పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది.

1930లలో న్యూయార్క్ రాష్ట్రపు ఇంజనీర్లు ఒక వింత గమనించారు. ఒకే చలి తగిలిన రోడ్లలో కొన్ని పాడవుతున్నాయి, కొన్ని చెక్కు చెదరలేదు. ఆరా తీస్తే, చెదరని రోడ్లకు వాడిన సిమెంటును మరలో నూరేటప్పుడు, మెత్తగా నలగడానికని కాస్త పశువుల కొవ్వు కలిపారని తేలింది. ఆ కొవ్వు వల్ల కాంక్రీటులో లెక్కలేనన్ని చిన్న చిన్న గాలి బుడగలు ఏర్పడ్డాయి. ఉబ్బే నీటికి ఆ బుడగలే చోటిచ్చాయన్నమాట. తరువాత పైన్ చెట్ల మొద్దుల నుంచి తీసిన రెజిన్‌తోనూ ఇలాంటి బుడగలనే కావాలని పుట్టించసాగారు.

అయినా కష్టం పూర్తిగా తీరలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ మోటారు బళ్లు పెరిగాయి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం విపరీతమైంది. ఉప్పునీరు చేరితే పెచ్చులు మరీ ఎక్కువగా లేస్తాయి. చలికాలానికి ముందే పోసి, ఇంకా బాగా ఆరని కొత్త కాంక్రీటుకైతే ముప్పు మరీ ఎక్కువ.

సరిగ్గా ఆ రోజులలోనే ఉత్తర డకోటా, దక్షిణ డకోటా, మిన్నెసోటా రాష్ట్రాల అవిసె రైతులకు మరో చిక్కు వచ్చిపడింది. అవిసె గింజలో సుమారు 40 శాతం నూనె ఉంటుంది. ఆ నూనెకు పెద్ద గిరాకీ రంగుల పరిశ్రమ నుంచే ఉండేది. 1940ల చివరలో నీళ్లతో కలిపే రంగులు బజారుకు వచ్చాయి. వాసన తక్కువ, ఆరడం త్వరగా. గృహస్థులు వాటి వైపు మొగ్గారు. అవిసె నూనెకు గిరాకీ తగ్గసాగింది.

పంటలకు కొత్త ఉపయోగాలు వెదకడానికని 1938 నాటి చట్టం ప్రకారం అమెరికా వ్యవసాయ శాఖ నాలుగు ప్రాంతీయ పరిశోధనశాలలు నెలకొల్పింది. వాటిలో ఒకటి ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ఉంది. యుద్ధకాలంలో పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతికి తోడ్పడింది కూడా ఈ పరిశోధనశాలే. అవిసె నూనెకు కాంక్రీటు మీద ఏ పని చెప్పవచ్చునో ఇక్కడివారు పరిశోధించారు.

పద్ధతి చాలా సులువు. త్వరగా ఆరే పదార్థాలు కలిపి బజారులో అమ్మే 'బాయిల్డ్' అవిసె నూనె ఒక పాలు, కిరసనాయిలు గాని, రంగులు పలచన చేసే నూనె గాని మరొక పాలు కలుపుతారు. బాగా ఆరిన కాంక్రీటు మీద దాన్ని రెండు విడతలుగా పూస్తారు. పలచని నూనె పైపొరలోని రంధ్రాలలోకి ఇంకుతుంది. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని అక్కడే గట్టిపడుతుంది. ఇక నీటికి, ఉప్పుకు దారి మూసుకుపోయినట్టే. 1960లలో ఈ నూనెను నీటిలో చిలికి, పచ్చి కాంక్రీటు మీదే చల్లే పద్ధతి కూడా పియోరియాలో తయారయింది. లోపలి తడి త్వరగా ఆరిపోకుండానూ, తరువాత ఉప్పు దిగకుండానూ ఒకే పూత రెండు పనులూ చేసింది.

అయితే, ఇదేమీ సర్వరోగ నివారిణి కాదు. నూనె పూత అరుగుతుంది, కొన్నేళ్లకొకసారి మళ్లీ వెయ్యాలి. కాంక్రీటులోని క్షారం నూనెను మెల్లగా సబ్బులా మార్చి చెడగొడుతుంది. తరువాతి దశాబ్దాలలో సిలేను, సిలోక్సేను అనే రసాయనాలు దాని స్థానం చాలావరకు ఆక్రమించాయి. అవి రంధ్రాలను పూడ్చకుండానే, వాటి గోడలకు నీరంటకుండా చేస్తాయి. అవిసె రైతును కూడా ఈ ఒక్క ఉపాయం గట్టెక్కించలేదు. అక్కడ ఆ పంట విస్తీర్ణం తరువాత బాగా తగ్గిపోయింది.

మరి మనకేమిటంటారా? మన డాబాల మీద మంచు గడ్డకట్టదు. మన శత్రువులు ఎండా, వానా, సముద్రతీరంలో ఉప్పుగాలీ. నీరు లోపలి ఇనుప కడ్డీలకు తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించి, కప్పును కింది నుంచి పెచ్చులూడగొడుతుంది. మన పెద్దలూ ఊరుకోలేదు. గానుగలో నూరిన సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గచ్చు వేశారు. అక్కడ కొవ్వు, అవిసె, ఇక్కడ బెల్లం, కరక్కాయ. కట్టడాన్ని కాచే సరుకు పల్లె నుంచే వచ్చింది.

అంచేత డాబా గాని, ధాన్యం ఆరబోసే గచ్చు గాని వేసుకునేవారు ఒక వరుస తప్పకుండా పాటించండి. మేస్త్రీతో చెప్పి నీళ్లు తక్కువ పోసి కలిపించండి. నీరు నిలవకుండా వాలు పెట్టించండి. కనీసం వారం, పదిరోజులు తడుపుతూ ఉండండి. నెలరోజులు ఆగి, బీటలుంటే పూడ్చి, పొడిగా ఉన్నప్పుడు మాత్రమే పూత వేయించండి. తడి మీద వేసిన పూత నిలవదు. కడ్డీ తుప్పు పట్టి, పెచ్చులూడుతున్న కప్పుకు పైపూత మందు కాదు, ముందు దానికి మరమ్మతు చేయించాలి.

అవిసె నూనె వాడేవారికి రెండు హెచ్చరికలు. బాయిల్డ్ నూనెలో లోహ పదార్థాలుంటాయి, పశువుల కుడితి తొట్టికీ, తాగేనీటి తొట్టికీ, ధాన్యం తగిలే గచ్చుకూ అది పూయకండి. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట పరచి ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. గడ్డివాము దరిదాపులకు మాత్రం వాటిని రానివ్వకండి.