పలకలు చేసిన చేతులు

మొన్న గిద్దలూరులో ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ పదిమంది ముందు అడిగింది. "డాక్టరేటు చేసి ఏం ఎనకేసుకున్నావే? మా పెద్దోడు పదో తరగతి తప్పినా మార్కాపురంలో రెండంతస్తుల ఇల్లు కట్టినాడు." కాలేజీలో గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ని. నవ్వి ఊరుకోవడం తప్ప ఏం చెయ్యను?

పెద్దమ్మ చెప్పింది నిజమే. మా ప్రాంతంలో రాయి వ్యాపారంలో నిలదొక్కుకున్న మగవాళ్ళు చాలామంది బడి మధ్యలో మానేసినవాళ్ళే. కాని ఆ ఇంట్లోనే ఐదో తరగతితో ఆగిపోయిన అక్క కూడా ఉంది. చదువు ఇద్దరికీ లేదు. ఆమె ఇల్లెందుకు కట్టలేదని మాత్రం ఎవరూ అడగరు. "డబ్బు సంపాదనకి చదువు అవసరమా?" అనే ప్రశ్న వేసే ప్రతివాళ్ళ మనసులోనూ ఒక మగవాడే ఉంటాడని నాకు అప్పుడనిపించింది.

అన్నకి చదువు లేని లోటు తీర్చినవి చాలా ఉన్నాయి. బావమరిది ఇచ్చిన అప్పు, మామ లారీ, కులం బలగం, రాత్రికి రాత్రి లారీ ఎక్కి బెంగళూరు వెళ్ళిరాగల స్వేచ్ఛ, టీకొట్టు దగ్గర కూర్చుని ఆనాటి ధర తెలుసుకునే వీలు. ఇవన్నీ బడిలో దొరికేవి కావు. ఆడపిల్లకి బడి బయటా దొరకవు.

ఈ సంగతి మార్కాపురం చరిత్రలో ఎప్పుడో రాసి ఉంది. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారినా ఊరికి పేరు తెచ్చింది పలకే. గనిలో తీసిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కొలతకి కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగిస్తే పలక. ఎన్నో రాష్ట్రాల పిల్లలు వాటి మీదే అక్షరాలు దిద్దారు. వాటిని చేసినవాళ్ళలో బడి ముఖం చూడని ఆడవాళ్ళు, బడిలో ఉండాల్సిన పిల్లలు ఎందరో. 1987 ఆగస్టులో వచ్చిన జాతీయ బాల కార్మిక విధానం ముందుగా ప్రాజెక్టులు పెట్టాల్సిన చోట్లలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పరిశ్రమలతో పాటు మార్కాపురం పలకల్నీ చేర్చింది. చదువుకి గుర్తుగా బొమ్మ వెయ్యాలంటే పలకే వేస్తాం. ఆ పలక ఊరే ఆ జాబితాలోకెక్కింది.

మా అమ్మమ్మ అలాంటి ఒక షెడ్డులో పనిచేసింది. కూలి పలకల లెక్కన. ఆమె ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది, మేస్త్రీ పుస్తకంలో రాసుకునేవాడు. శనివారం రెండు లెక్కలూ కలవకపోతే గెలిచేది పుస్తకమే. లెక్క రాకపోవడం కాదు ఆమె సమస్య. ఆమె లెక్కకి విలువ లేకపోవడం. రాయి దుమ్ము దగ్గు మాత్రం చివరిదాకా ఆమెతోనే ఉంది.

తర్వాత నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. రాతి పలకల గిరాకీ పడిపోయింది. అదే రాయిని నేలకీ గోడలకీ పరిచే బండలుగా కోసి విదేశాలకి పంపడం మొదలైంది. మా అన్న ఇల్లు ఆ బండల మీద లేచిందే. పలకలు అరగదీసిన ఆడవాళ్ళలో ఎంతమంది ఎగుమతిదారులయ్యారని ఆలోచిస్తే మా చుట్టాల్లో ఒక్కరూ కనిపించలేదు.

మరి చదువుతో ఏమైనా మారిందా? పక్కనే నెల్లూరు జిల్లాలో 1991-92లో దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూనే సారా దుకాణం మీదికి నడిచారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. వాళ్ళెవరికీ డిగ్రీలు లేవు. మొగుడి కూలి ఎక్కడికి పోతోందో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి దొరికింది, అంతే. ఆ చోటుకి బడి అని పేరుండటం యాదృచ్ఛికం అనుకోను.

అయితే సంఘాల చరిత్రని పండగలా చెప్పుకోవడం నాకిష్టం లేదు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, నిజమే. ఆ సంతకంతోనే, చదవలేని కాగితాల మీద మైక్రోఫైనాన్స్ అప్పులూ తీసుకున్నారు. వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. మేస్త్రీ పుస్తకం కంపెనీ ఫారంగా మారింది. 2011 జనగణనలో ప్రకాశం జిల్లా మగవాళ్ళ అక్షరాస్యత సుమారు 73 శాతం, ఆడవాళ్ళది 53. ఆ 53 శాతంలో సంతకం దగ్గరే ఆగిపోయినవాళ్ళూ ఉంటారు కదా.

పెళ్ళి భోజనాలయ్యాక అక్క నన్ను పక్కకి పిలిచింది. సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ఆమె ఇప్పుడు సంఘం లీడర్. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. "వడ్డీ ఎక్కడుందో చూసి చెప్పమ్మా" అంది. చెప్పాను. నేను ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచేలోపే నోటితోనే లెక్క కట్టింది.

"మాకు చెప్పింది ఇది కాదే. సోమవారం నాతో బ్యాంకుకి వస్తావా?"

సోమవారం నాకు రెండు క్లాసులున్నాయి. వెళ్ళకపోతే ఆ గంటల జీతం పోతుంది. వస్తానన్నాను.