తొడలోంచి వెళ్ళిన బెలూన్

"బెలూన్ వేశాక మళ్ళీ ఆపరేషన్ ఎందుకండీ?" అని మా మరిది డాక్టరుగారిని అడిగాడు. విజయవాడ ఆసుపత్రి వరండాలో, రాత్రి పదిన్నరకి. లోపల మా అత్తయ్యగారు. రెండు రోజులు ఛాతీనొప్పిని గ్యాస్ అనుకుని వాము నమిలారు. వాము డబ్బా అందించింది నేనే. మూడో రోజు జగ్గయ్యపేట నుంచి అంబులెన్సు ఎక్కించాం. నందిగామ దాటేదాకా ఆవిడ చెయ్యి చల్లగానే ఉంది.

గుండెకి రక్తం అందించే ఎడమవైపు ముఖ్యమైన నాళం బాగా మూసుకుపోయింది, బైపాస్ తప్పదు, కానీ గుండె నీరసంగా ఉంది, ముందు బెలూన్ పెడతాం అన్నారు. మాకు తెలిసిన బెలూన్ స్టెంట్ వేసే ముందు పెట్టేది. ఇది వేరట. తొడలోని ధమనిలోంచి పైకి పంపి, గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమనిలో ఉంచుతారు. గుండె సడలినప్పుడు ఇది హీలియంతో ఉబ్బి, రక్తాన్ని గుండె సొంత నాళాల వైపు తోస్తుంది. గుండె మళ్ళీ కొట్టబోయేముందు చప్పున ముడుచుకుని దాని బరువు తగ్గిస్తుంది. మావారి చెయ్యి వణికితే సంతకం నేనే పెట్టాను.

ఆవిడ ఇంటికొచ్చాక దీని పుట్టుపూర్వోత్తరాలు తీరిగ్గా చదివాను. 1931లో బోస్టన్‌లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన ఒకామె పక్కన జాన్ గిబ్బన్ అనే యువ డాక్టరు రాత్రంతా కూర్చున్నాడు. ఆమె దక్కలేదు. గుండె పని కాసేపు యంత్రం చేస్తే అన్న ఆలోచన ఆ రాత్రిదే. యంత్రం తయారీలో ఏళ్ళ తరబడి ఆయనతోపాటు పనిచేసింది భార్య మేరీ. ఆవిడ అదే ప్రయోగశాలలో టెక్నీషియన్. పేరు మాత్రం ఎక్కువగా ఆయనకే వచ్చింది, మనకి కొత్తేం కాదులెండి. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి ఆ యంత్రం 26 నిమిషాలు గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టింది.

అది ఆపరేషన్ బల్ల మీద పనికొచ్చేది. బల్ల దాకా చేరలేని గుండెకో? 1962లో క్లీవ్‌లాండ్‌లో మౌలోపౌలస్, కోల్ఫ్ బృందం బెలూన్‌తో ప్రయోగాలు చేసింది. 1967లో బ్రూక్లిన్‌లో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ దాన్ని మొదటిసారి మనిషికి పెట్టాడు. ఆ మనిషి నలభైల్లో ఉన్న స్త్రీ, నా ఈడుది. గుండెపోటుతో మందులకి లొంగని షాక్‌లో ఉంది. కొన్ని గంటల్లో తేరుకుంది, తర్వాత ఇంటికి వెళ్ళింది. అదే ఏడాది క్లీవ్‌లాండ్‌లో ఫవలోరో కాలి సిరతో బైపాస్ చేశాడు. మనదేశంలో మొదటి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో జరిగింది. 1991లో పుట్టపర్తిలో ఉచిత ఆసుపత్రి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాకే ఈ వైద్యం తెల్లకార్డు ఇళ్ళ దాకా వచ్చింది.

అయితే 2012లో జర్మనీలో గుండెపోటుతో షాక్‌లోకి వెళ్ళిన 600 మందిని పరిశీలిస్తే, నెల రోజులకి బెలూన్ పెట్టినవాళ్ళలోనూ పెట్టనివాళ్ళలోనూ మరణాలు దాదాపు సమానంగా తేలాయి. అందుకే ఇప్పుడు అందరికీ పెట్టరు, మనిషిని బట్టి చూస్తారు.

బెలూన్ ఉన్నంతసేపూ కాలు మడవకూడదు. పొద్దున్నుంచి రాత్రిదాకా కాలు నిలవని మా అత్తయ్యగారు ఆ రాత్రంతా కదలకుండా పడుకున్నారు. మొన్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఆ బ్రూక్లిన్ ఆవిడ కథ చెప్పాను.

"ఆమెని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారే?" అని అడిగారు.