పరధనమునకు కావలి

మిర్యాలగూడ బియ్యపు మిల్లు ఆవరణమున హమాలీలు లారీమీదినుండి దింపుచున్న వడ్ల బస్తాలకు స్వామి యెవరు? పండించిన రైతు కాడు. ఐకేపీ ధాన్యపు కొనుగోలు కేంద్రమున తేమ 17 శాతము మించలేదని చూపించి, కాటా వేయించి, అతడు వానిని పౌరసరఫరాల సంస్థకు అమ్మివేసియున్నాడు. మిల్లు యజమానియు కాడు. వానికై ఆయన ఒక్క రూపాయియు వెల చెల్లింపక, ట్రక్ షీటుమీద సంతకము చేసి గోడౌనులోనికి దించుకొన్నాడు. క్వింటాలు వడ్లకు పచ్చిబియ్యమైనచో 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైనచో 68 కిలోలు గడువులోపల ఆయన అప్పగింపవలెను. ధాన్యము చేతనుండియు దానికి స్వామి కాని ఇట్టివానిని ఆంగ్లన్యాయము బెయిలీ యనును.

పరధనమును కాపాడు ఈ బాధ్యత మనదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. మనువు వ్యాజ్యకారణములైన వ్యవహారపదములు పదునెనిమిదింటిని పరిగణించుచు, ఋణాదానము వెంటనే రెండవదిగా నిక్షేపమును, అనగా నమ్మి యొకనికడ దాచిన సొమ్మును, నిలిపినాడు. సత్కులీనుడును ధర్మజ్ఞుడును సత్యవాదియునగువానికడనే సొమ్ము దాచవలెననియు, దొంగలెత్తుకొనిపోయినను, నీట కొట్టుకొనిపోయినను, నిప్పున కాలినను, సొమ్ము పుచ్చుకొన్నవాడు అందేమియు అపహరింపకున్నచో మరల ఈయనక్కరలేదనియు విధించినాడు. లోపలి వస్తువేదియో చెప్పక కట్టి యొకనిచేతికిచ్చిన ద్రవ్యమునకు ఉపనిధియని పేరిడిన యాజ్ఞవల్క్యుడు, యజమాని అడిగిన పిమ్మట ఈయక జాగుచేసినవానికి దైవోపద్రవమను సాకు కూడ చెల్లదనియు, పోయిన సొమ్ముతోబాటు దానికి సమానమైన దండమును గూడ వాడే ఇచ్చుకొనవలెననియు శాసించినాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనుగు పద్యములలోనికి తెచ్చుటచేత, సంస్కృతమెరుగని తెలుగువానికి సయితము ఈ ధర్మము తన భాషలోనే అందినది.

ఇంగ్లండున ఈ న్యాయమునకు రూపము కట్టినది 1703 నాటి బ్రాందీపీపాల వ్యాజ్యము. పీపాలను ఒక నేలమాళిగనుండి మరియొక నేలమాళిగకు కూలి పుచ్చుకొనకయే చేర్చెదనన్న బెర్నార్డు అజాగ్రత్తచే ఒక పీపా పగిలి సారా నేలపాలు కాగా, ఊరకే చేసిన పనియైనను చేపట్టినవాడు జాగ్రత్త వహింపవలసినదేయని ప్రధానన్యాయమూర్తి హోల్టు తీర్పు చెప్పెను. ఈ విషయముపై 1781లో గ్రంథము వ్రాసిన విలియం జోన్సు, రెండేండ్లకు న్యాయమూర్తియై కలకత్తాకు వచ్చి, మనుస్మృతిని ఆంగ్లీకరించి 1794లో వెలువరించుట నాకు అద్భుతముగా తోచును. ఇరుదేశముల నిక్షేపధర్మములును ఒక్కని బల్లమీదనే కలిసికొన్నవి గదా!

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము ఈ ధర్మమును 148వ సెక్షనునుండి సూత్రీకరించినది. కృష్ణాజిల్లాలో అది ఆదినుండియు చెల్లుచుండగా, సరిహద్దుకు ఈవల నైజాం రాజ్యములోనుండిన కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడలకు 1951లో విస్తరించినది. వివేకియైన సామాన్యుడు అంతే పరిమాణము, అంతే నాణ్యము, అంతే వెలగల తన సొంత వస్తువునెడ ఎంత శ్రద్ధ చూపునో అంత శ్రద్ధ చూపుమని 151వ సెక్షను బెయిలీని అడుగును. ఇంతకన్న సరసమైన తూకము మరియే చట్టములోను నాకు కానరాలేదు.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు నీరు కాలువలకు విడుదలైనది మొదలు ఎడమకాలువ క్రింద వరి విస్తరించి, దానివెంట మిల్లులును వెలసినవి. వానితోడనే ఒక క్లిష్టప్రశ్నయు పుట్టినది. సర్కారు వడ్లును సొంత వడ్లును ఒక్క రాశియైనచో, బెయిలీ బెయిలీగానే నిలుచునా? దక్షిణ ఆస్ట్రేలియాలో రైతులు మరకు పోసిన గోధుమలు మిల్లు సరకుతో కలిసియుండగా మిల్లు కాలిపోయినది. ఆ గోధుమలను మిల్లువారు తమ యిచ్చవచ్చినట్లు ఆడించుకొనుటకును అమ్ముకొనుటకును స్వతంత్రులు. రైతు తరువాత అంత ధాన్యమో, నాటి ధరయో అడుగవచ్చును. ఇది నిక్షేపము గాదు, విక్రయమేయని 1869లో ప్రీవీ కౌన్సిలు తేల్చెను. మన మిల్లువారికి అట్టి స్వాతంత్ర్యము లేదు. రాశిలో గింజలు కలిసిపోయినను, బియ్యము అప్పగించునంతవరకు అది సర్కారు సొమ్మేయని నా నిశ్చయము. యజమాని అనుమతిలేక 45 రూపాయల పీపాపిండిని 25 రూపాయల నాటుపిండితో కలిపినవాడు నష్టము పూడ్చవలెనని 157వ సెక్షనే ఉదాహరణపూర్వకముగా చెప్పుచున్నది.

గడువు మాటకు వచ్చినచో చట్టము మరింత కఠినము. బెయిలీ తప్పువలన సకాలమున అప్పగింపబడని వస్తువునకు ఆనాటినుండి కలుగు నష్టమంతయు అతనిదేయని 161వ సెక్షను. టార్పాలిను కప్పిన బస్తాలలోనికి చినుకు దిగి వడ్లు మొలకెత్తినచో, గడువులోపల శ్రద్ధవహించిన మిల్లువానికి దోషము లేదు. గడువు దాటించినవానికి అదే వాన ఋణమగును. యాజ్ఞవల్క్యుని మాటయే ఇది, దండము మాత్రము లేదు. అప్పగించిన సర్కారు వడ్లను దొంగచాటుగా అమ్ముకొన్నవానిపై మాత్రము నమ్మకద్రోహపు నేరము నిలుచును. 2024 జులై 1నుండి అది భారతీయ న్యాయసంహిత 316వ సెక్షను క్రిందికి వచ్చినది.

ఈ నేరమును నేను తేలికగా చూడలేను. 2025 మార్చి 30న ఇదే సీమలోని హుజూర్‌నగరులో ఆరంభమైన సన్నబియ్యపు పథకము క్రింద, రేషను కార్డుగల పేదయింట మనిషికి నెలకు ఆరు కిలోలు ముట్టవలెను. మిల్లు గోడౌనులో తరిగిన ప్రతి బస్తాయు ఆ ఆరు కిలోలలోనుండి తరిగినదే.