కొండాపూర్ రోమన్ నాణేలు

కొండాపూర్ తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో గల శాతవాహనుల కాలపు పట్టణ స్థలము. హైదరాబాదు నగరంలోని కొండాపూర్ వేరు. 1940 దశకం తొలి సంవత్సరాలలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిగాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం లభించింది. నల్గొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో 1531 రోమన్ వెండి నాణేలు దొరికాయి.

చిహ్నాలు

భారతదేశంలో విరివిగా దొరికే రోమన్ వెండి నాణేలు రెండు రకాలు. అగస్టస్ నాణెం ముందువైపు చక్రవర్తి శిరస్సు, వెనుక డాళ్ళు, ఈటెలతో ఆయన దత్తపుత్రులు గాయస్, లూసియస్ ఉంటారు. ఇది వారసత్వ ప్రకటన. అయితే వారిరువురూ సా.శ. 4 నాటికే మరణించగా, సింహాసనం టైబీరియస్‌కు దక్కింది. అతని నాణెం వెనుక రాజదండము, కొమ్మ ధరించి కూర్చున్న స్త్రీమూర్తి శాంతికి సంకేతము. ఆమెను అతని తల్లి లివియాగా భావిస్తారు.

స్థానిక వినియోగం

సా.శ. 64లో నీరో వెండి నాణెం బరువును, నాణ్యతను తగ్గించాడు. అందువలన ఇక్కడి వర్తకులు పాత నాణేలనే కోరుకున్నారని చరిత్రకారుల అభిప్రాయం. అక్కనపల్లి నాణేలలో కొన్నింటిపై ఉలిగాట్లున్నాయి. కొండాపూర్‌లో టైబీరియస్ నాణేన్ని అనుకరించిన మట్టి బిళ్ళలు లభించాయి; ఇటువంటివి ఆభరణాలుగా ధరించేవారు. రోములో అధికార చిహ్నమైన ముఖము ఇక్కడ అలంకారమైనది.