ఎవరి మాట ఎవరికి తెలియును

నల్లమల కొండలకు తూర్పున, మార్కాపురమునకును దోర్నాలకును నడుమనున్న యొక చిన్న గ్రామమున నా బాల్యము గడచినది. అచ్చట వారమున కొకమారు సంత కూడెడిది. చెంచులు తేనెయు కుంకుడుకాయలును తెచ్చెడివారు. ఎరుకలవారు గంపలును తట్టలును అల్లి తెచ్చెడివారు. తండాలనుండి సుగాలీ స్త్రీలు కట్టెలమోపులతో దిగెడివారు. కంభమునుండి సాయెబులు వచ్చి బట్టల దుకాణములు పరచెడివారు. ఇండ్లలో వీరు మాటలాడుకొను భాషలు వేరు వేరు. సంతలో బేరము మాత్రము తెలుగులోనే సాగెడిది. అందరును ఒకరి మాట నొకరు గ్రహించుచున్నారని నేననుకొంటిని. ఎవరి మాట ఎవరికి తెలియునో విచారింపవలయునని నాకప్పుడు తోచలేదు.

మొదట తెలుగు సంగతియే చెప్పెదను. తెలుగువారికి తెలుగువారి మాట తెలియుటయే ఒక్కొక్కప్పుడు కష్టము. ఈ సీమ తన చోటనే యున్నను, జిల్లాల ఎల్లలు మాత్రము దానిమీద అటునిటు జరుగుచు వచ్చినవి. 1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషు కుంపిణీ కొప్పగించినపుడు ఇదియు వానితో పోయి కడప జిల్లాలో చేరెను. 1858లో కంభము, మార్కాపురము తాలూకాలు కర్నూలునకు మారెను. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కర్నూలునుండి మార్కాపురము, గిద్దలూరు తాలూకాలును, నెల్లూరునుండి కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరును, గుంటూరునుండి ఒంగోలు, అద్దంకి, చీరాలయు ఒక గొడుగు క్రిందికి వచ్చినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. పేరు ఒక్కటే యయ్యెను గాని పలుకుబడి ఒక్కటి కాలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లా జిల్లాకును వ్యవసాయపదములు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశము వెలువరించిరి. వారు తెలుగును నాలుగు మండలములుగా విభజించి, రాయలసీమను నెల్లూరును దక్షిణ మండలమునను, గుంటూరునుండి గోదావరులవరకు గల దేశమును మధ్య మండలమునను చేర్చిరి. అనగా ఈ కొత్త జిల్లా ఆ రెంటి సరిహద్దుమీదనే కూర్చున్నది.

మా వైపు ‘యాడికి’ అన్నదే చీరాలవారికి ‘ఎక్కడికి’. ఎర్రగడ్డ యనిన ఉల్లిపాయ. కర్నూలు పలుకుబడిలో బుడ్డలనగా వేరుశనగకాయలు. కోస్తానుండి కొత్తగా వచ్చిన యొక యుద్యోగితో మా పెదనాయన “ఈ యేడు వానల్లేక బుడ్డలన్నీ పోయినాయి సారూ” అని మొరపెట్టుకొనగా, ఆయన దీపపు బుడ్లనుకొని “వానలు లేకపోతే బుడ్లెందుకు పగులుతాయయ్యా?” అని ఆశ్చర్యపోయెనట. మా యింట ఈ ముచ్చట చాలకాలము నిలిచినది. అయినను ఇట్టి పొరపాటు ఒక్క నిమిషములో తీరునది. ఇద్దరికిని క్రియలు ఒక్కటే, వ్యాకరణము ఒక్కటే. చేనులో ఒక కాయ పెరికి చూపిన తగవు తీరును.

సాయెబుల మాటతో పొత్తు మరియొక తీరున కలిసినది. కంభము చాలకాలము ముసల్మాను ప్రభువుల యేలుబడిలో నుండెను గాన, పన్నులకును వ్యాజ్యములకును పారసీక శబ్దములే వాడుకయ్యెను. జమాబందీ, దరఖాస్తు, కౌలు, వసూలు, జప్తు, రాజీనామా — ఇవి ఎరుగని రైతు మా సీమలో లేడు. ఇవి పరభాషాపదములని యెరిగిన రైతును అరుదు. 1820లో కడపకు ఉద్యోగమునకు వచ్చిన సీ. పీ. బ్రౌనుదొర ఇట్టి మాటలు తెలియక కచేరీ కాగితము చదువ వీలులేదని గ్రహించి, తెలుగులో వాడుకయగు అన్యదేశ్యములకు ప్రత్యేకముగా నొక నిఘంటువు కూర్చి 1854లో అచ్చువేయించెను. తెలుగు పుచ్చుకొన్నది మాత్రమే కాదు, ఇచ్చినదియు కలదు. మనము ‘నీళ్లు గీళ్లు’ అందుము. దక్కనీ ఉర్దూవారు ‘పానీ గీనీ’ యందురు. ఆ ‘గీ’ ఢిల్లీనుండి వచ్చినది కాదు, మన పెరటిలోనిదే. వేరు వేరు కుటుంబముల భాషలు ఇరుగుపొరుగున తరములతరబడి కాపురముండిన ఒకదాని యలవాట్లు మరియొకదాని కబ్బునని ఎమెనో పండితుడు 1956లో భారతదేశమును నిదర్శనముగా చూపి వ్రాసెను. ఆయన మాటకు కంభము బజారే చాలిన సాక్ష్యము.

పైవరుసలవారు కలిసినపుడు రెండు ప్రక్కలనుండియు వంతెన కట్టుదురు. శ్రీశైలమునకు తూర్పు ద్వారమైన త్రిపురాంతకము ఈ సీమలోనిదే. శైవయాత్రలవలన తెలుగువారికిని కన్నడిగులకును కలిగిన సాంగత్యము సామాన్యమైనది కాదు. పాలకురికి సోమనాథుడు కన్నడదేశపు బసవన కథను తెలుగున బసవపురాణముగా పాడెను. 1369లో భీమకవి దానిని మరల కన్నడమునకు గొనిపోయెను. కంభము చెరువును కట్టించినది గజపతుల యాడుబిడ్డ, కృష్ణరాయల దేవి వరదరాజమ్మయని చెప్పుదురు. పుట్టినిల్లు ఓఢ్రము, మెట్టినిల్లు తుళువ వంశము, త్రవ్వించిన చెరువు తెలుగునేల. ఆమె కేభాషలోనైనను దుబాసీల కొదువ ఉండియుండదు.

సంతలోనివారికి దుబాసీలు లేరు. సుగాలీలు పూర్వము ఎద్దులమీద ఉప్పును ధాన్యమును వేసికొని దేశములు తిరిగిన బంజారీలు. వారి భాష రాజస్థానపు నుడులకు చుట్టము; ఒకటి రెండు మూడునకు ‘ఏక్, దీ, తీన్’ అందురు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున గుంతకల్లునుండి బెజవాడకు రైలు నల్లమల కనుమలు దాటి వచ్చినది. అట్లే దేశమంతట రైళ్లు పరచుకొనుటతో పెరికెయెద్దుల వర్తకము అణగారెను. వారు తండాలలో నిలిచి, కూలికిని కట్టెలకును మన యూళ్లకు రావలసినవారైరి. తెలుగు నేర్చిరి. ఎరుకలవారి భాష తమిళమునకు దగ్గరిది. వారును తెలుగు నేర్చిరి. మనము మాత్రము వారి భాషలలో ఒక్క ముక్కయు నేర్వలేదు. నార్వేవాడును స్వీడనువాడును ఎదురుపడిన ఎవని భాష వాడే మాటలాడి పనిగడుపుకొందురని చదివితిని. మా సంతలో ఆ సమత్వము లేదు. గ్రహించు బరువంతయు చిన్నభాషవాని నెత్తిననే పడినది.

ఆ బరువునకు తోడు అనుమానమొకటి. 1871 నాటి నేరస్థ జాతుల శాసనమును 1911లో మార్చి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఎరుకలవారు ఆ పట్టికకెక్కిరి. ఇంటిలో తల్లి బిడ్డతో పలుకు నుడి పోలీసువారి చెవికి దొంగల సంకేతమయ్యెను. మన మెరుగని భాష గావున అది గుట్టుభాష యయ్యెను! 1947లో మద్రాసు ప్రభుత్వము ఆ శాసనమును రద్దుచేసినది. నలుగురిలో తమ భాష పలుకుటకు సంకోచించు నలవాటు అంత త్వరగా పోలేదు; నాతో చదివిన ఎరుకల బాలుడు తనకు తెలుగు తప్ప మరేదియు రాదని ప్రమాణము చేసెడివాడు.

బడి సంగతి మరియు విచిత్రము. మార్కాపురపు పలకలు దేశమంతట ఎన్నో లిపులను మోసినవి. ఆ గనులలో రాయి తీసిన కూలీలలో ఎందరి యింటిభాషకో లిపియే లేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమికవిద్యకు పూనుకొన్నది. అందు బంజారా కలదు, తెలుగు లిపిలో దానికి వాచకములు వచ్చినవి. ఎరుకల అందు లేదు. చెంచుల మాట తెలుగేకదా యని దానిని లెక్కకే తీసికొనలేదు. అది తెలుగే, సందేహము లేదు. కాని గూడెమునుండి వచ్చిన చెంచుబిడ్డ పాఠ్యపుస్తకపు తెలుగు నెదుర్కొనునపుడు పడు తికమక, మా పెదనాయన బుడ్డలవలె ఒక నిమిషములో తీరునది కాదు.

ఒక్క సంగతి చెప్పి ముగించెదను. మా యింటికి కట్టెలు తెచ్చెడి సుగాలీ ముసలమ్మ యొకతె యుండెడిది. ఆమె తెలుగు మా యవ్వ తెలుగునకు తీసిపోదు. బేరమున నింకను మిన్న. ఒకనాడు తీవ్రమైన జ్వరముతో మా యరుగుమీద కూలబడినది. ఒడలు తెలియని స్థితిలో తెలుగు ఆమెను విడిచిపోయినది. “యాడీ, యాడీ” యని పలవరింప మొదలిడెను. మా సీమలో ‘యాడ’ యనిన ఎక్కడ యనికదా! తా నెక్కడ నున్నదో తెలియక అడుగుచున్నదని మేమందర మనుకొంటిమి. మా యవ్వ ప్రక్కన కూర్చుండి, “ఈడనే ఉండావు తల్లీ, మా యింట్లోనే ఉండావు” అని మరల మరల చెప్పెను. ఆమె మరల “యాడీ” యనెను. ప్రొద్దుగూకువేళకు తండానుండి కొడుకు వచ్చి, ఒక నిమిషము విని, తల వంచుకొని చెప్పెను: “ఎక్కడని కాదమ్మా. మా మాటలో యాడి అంటే అమ్మ. చచ్చిపోయిన వాళ్లమ్మను పిలుస్తా ఉంది.”

మా యవ్వ నలువదియేండ్లుగా ఆమెయొద్ద కట్టెలు కొనుచుండెను.